తలలో ఇష్టమైన ముక్క

వంటింట్లో వంజరం తలకాయ పులుసు ఉడుకుతుంటే, మామిడికాయ ముక్కలు మగ్గిన ఆ వాసన వరండాలోకి రాగానే నాకు ముందు ఆకలి గుర్తు రాదు. సుద్దపొడి అంటిన వేళ్లు, చెమటకు తడిసిన ఖద్దరు చొక్కా, “ఏమ్మే పోలమ్మా, ఒత్తు ఏదీ?” అనే గొంతు గుర్తొస్తాయి. పులుసుకీ పాఠానికీ ఏం సంబంధమని మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ. సంబంధం ఉంది.

యాభైల చివర్లో, పులికాట్ దగ్గర మా పల్లె బడికి దేవదానం అయ్యవారు తెలుగు చెప్పడానికి వచ్చారు. నేను ఎనిమిదో తరగతి. మా బడిలో అదే ఆఖరు. ఆపైన చదవాలంటే నాయుడుపేటలో హాస్టల్లో ఉండాలి. చేపలు ఎండబెట్టుకునే ఇంటి ఆడపిల్లకు అంత చదువెందుకని మా నాయన. నాకేమో అది తప్ప వేరే ధ్యాస లేదు. అయ్యవారు క్రైస్తవులు. ఆదివారం చర్చిలో ప్రార్థన చేసిన గొంతుతోనే సోమవారం సంస్కృత ధాతువులు విడదీసి చెప్పేవారు. కోపం ముక్కుమీదే ఉండేది. ఎవరైనా ‘మేధస్సు’కు బదులు ‘మేదస్సు’ అని రాస్తే ఆ నోటుబుక్కు ఎత్తి తరగతికంతా చూపించేవారు. “ఒత్తు మింగేసినావు గదరా. ఇప్పుడు నీ తలలో తెలివి లేదు, కొవ్వుండాది,” అనేవారు.

ఒకసారి పరీక్షలో ‘మస్తిష్కం’ అనే మాటకు అర్థం రాయమన్నారు. నాకు తెలియదు. మస్తకమంటే తల అని తెలుసు, మిగిలిన ముక్కలో నా చెవికి ‘ఇష్టం’ వినబడింది. మా ఇంట్లో చేప తలకాయ ఎప్పుడూ నాయనదే. దాన్ని చీల్చి, లోపలి మెత్తటి మెదడును ఆఖర్న జుర్రుకుంటూ కళ్లు మూసుకునేవాడు. అది తలుచుకుని ‘తలలో అందరికీ ఇష్టమైన ముక్క’ అని రాసేశాను. అయ్యవారు పైకి చదివితే తరగతి గొల్లుమంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆయన మాత్రం నవ్వలేదు. కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు.

“మస్తిష్కమంటే మెదడు. మస్తమంటే తల, ఇష్ అంటే పోవడం. తలలోకి పోయి అక్కడే కాపురం పెట్టింది గనక మస్తిష్కమని పెద్దలు విడదీసినారు. అయితే ఇష్ అని ఇంకో ధాతువుండాది. దానికి కోరడమని అర్థం. ఇష్టమనే మాట దాంట్లోంచే వచ్చింది. ఈ పిల్ల దోవ తప్పినా మెదడు కాడికే చేరింది.”

నా కాగితం మీద సున్నా వేసి, పక్కన ‘తప్పు. కానీ బాగుంది’ అని రాశారు.

ఆ వారంలోనే మా ఇంటికి వచ్చారు. అతిథి గనక అమ్మ తలకాయ ఆయన విస్తట్లో వేసింది. నన్ను నాయుడుపేట పంపమని అడిగితే నాయన తల అడ్డంగా ఊపాడు.

“ఆడబిడ్డ గదా అయ్యవారూ. ఊరుగాని ఊర్లో ఎట్టా ఉంటాది?”

అయ్యవారు వాదించలేదు. తలకాయ చీల్చి, మెదడు తీసి, నన్ను పిలిచి అరచేతిలో పెట్టారు. “దీనికి అర్థం చెప్పింది నీ కూతురే కోటయ్యా. ఈ ముక్క ఆ పిల్లే తినాల,” అన్నారు.

నాయన నా అరచేతి వంక చాలాసేపు చూశాడు. అన్నేళ్లుగా ఆ ముక్క నాకు కావాలో లేదో ఆయన అడగనేలేదు. “తినుమే,” అన్నాడు చివరికి. ఆ తర్వాత అయ్యవారి వైపు తిరిగి, “హాస్టల్లో చేపలు పెడతారా?” అని అడిగాడు. బడులు తెరిచేసరికి నేను నాయుడుపేటలో ఉన్నాను.

అరవైల నడుమ ట్రైనింగు పూర్తయి టీచరుగా ఉద్యోగం వచ్చింది. ఆర్డరు కాగితమూ, క్యారేజీలో అమ్మ చేసిన తలకాయ పులుసూ పట్టుకుని అయ్యవారి సొంతూరు చిల్లకూరులో ఆయన ఇంటికి వెళ్లాను. అప్పటికి ఆయనకు మెదడులో నరం చిట్లి కుడిచెయ్యి, మాట పడిపోయాయట. అక్కడికి వెళ్లేదాకా నాకెవరూ చెప్పలేదు.

“నన్ను కూడా పేరుపెట్టి పిలవలేకుండా ఉండారమ్మా,” అన్నారు ఆయన భార్య సుగుణమ్మ గారు.

“నేను అయ్యవారూ, పోలమ్మని,” అన్నాను. ఎవరినో చూసినట్టు చూశారు. ఒక్కసారి తిడితే చాలనిపించింది. కావాలనే, “మేదస్సు అయ్యవారూ, ఒత్తు లేకుండా,” అన్నాను. ఆ ముఖంలో ఏమీ కదల్లేదు. నాకు ఏడుపు ఆగలేదు.

సుగుణమ్మ గారు పళ్లెంలో అన్నం, పులుసు పెట్టి ఆయన ముందుంచారు. ఎడమచేత్తో తడబడుతూ తలకాయ విప్పారు. మెదడు ముక్కను మెల్లగా పళ్లెం అంచుకు నెట్టి, ఆ పళ్లెం నావైపు జరిపారు. పెదవులు వంకరపోయాయి. “ఇష్... ఇష్...” అన్నారు. అంతకంటే రాలేదు. ఏడుస్తూనే తిన్నాను.

మళ్లీ సెలవులకు వెళ్లేసరికి ఆయన లేరు. ఉద్యోగం చేసినంతకాలం, పిల్లలు వింత అర్థాలు రాసినప్పుడల్లా సున్నా పక్కన ఆయన మాటే రాశాను. వాళ్లు ఆ కాగితాలు ఇళ్లకు తీసుకెళ్లి చూపించుకునేవారు.

కోడలు భోజనానికి పిలిచింది. తలకాయ నాకే వేసింది. మెదడు ముక్క పళ్లెం అంచుకు జరిపి కాసేపు చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు ఆయన పోవడమనబోయారో, కోరడమనబోయారో, నా తప్పునే తిరిగి చెప్పబోయారో. ఎదురుగా కూర్చుంటే అడగాలని ఉంది.