రెండోసారి అడిగిన గొంతు

మా అత్త శరణమ్మను ఏదైనా ఒకసారి అడిగితే మర్యాద వస్తుంది, జవాబు రాదు. "అన్నం తింటావా?" అంటే "వద్దులే" అంటుంది. మళ్లీ బలవంతపెడితే పీట వాల్చుకుంటుంది. మా దేశనూరులో అందరికీ ఈ మొహమాటం ఉన్నా, ఆమెది మరీ ముదిరిపోయింది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ వరి నాట్లు వేసిన మనిషి, నడుము నొప్పి అని ఏనాడూ అనలేదు.

మొన్న పొలంలో ముల్లు గుచ్చుకుని కాలికి చీము పట్టింది. అసలే షుగరు మనిషి. బళ్లారిలో డాక్టరు కోసి, కట్టు కట్టి, నొప్పి మళ్లీ మొదలైతే ఆలస్యం చేయొద్దని, చేస్తే పాదం తీసేయాల్సి వస్తుందని హెచ్చరించాడు. రోజూ పొద్దున ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తుందన్నారు. మాట్లాడేది మనిషి కాదు, మిషను. ఎంత చెప్పినా అత్తకు మాత్రం అది అక్కడ పనిచేసే పాపే.

"నొప్పి ఉందా అమ్మా?" అంటుంది ఫోను.

"ఏం లేదు తల్లీ, బాగుండా. నీది ఊట ఆయితా?" అని కన్నడం కలిపి, తిన్నావా అని కూడా అడిగేది అత్త.

"సంతోషం. రేపు మళ్లీ మాట్లాడదాం."

నాకు ఒళ్లు మండేది. మా ఆయన హులిగేశ్ కూడా ఆటో తీస్తూ ఇదే అడిగి, ఇదే విని వెళ్లిపోయేవాడు.

ఒక రోజు అత్త గోడ పట్టుకుని నడుస్తూ కనిపించింది. అప్పుడే ఫోను మోగింది. మళ్లీ "ఏం లేదు తల్లీ" అంటోంది. ఇక నావల్ల కాలేదు, ఫోను లాక్కున్నాను.

"ఏయ్, మా అత్త లేదంటే లేదనుకోవద్దు! మా పక్క మొదటితూరి ఎవురూ ఉండాదని చెప్పరు. మళ్లా అడుగు!"

"నేను తప్పుగా అర్థం చేసుకున్నాను. ఫోను ఆమెకివ్వండి," అంది మిషను. తర్వాత నెమ్మదిగా, "అమ్మా, నిజంగా నొప్పి లేదా?" అని అడిగింది.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఉండాది తల్లీ. రాత్రంతా కన్ను మూయలేదు. ఎవురికి చెప్పేది?"

నాకు ఏడుపొచ్చింది. మిషను వెంటనే బయల్దేరి రమ్మంది. హులిగేశ్ పరుగున ఆటో తెచ్చాడు. డాక్టరు పుండు మళ్లీ శుభ్రం చేసి, ఈ పూటే వచ్చారు గనక పాదం దక్కిందన్నాడు.

తిరుగుదారిలో అత్త కొడుకుతో, "ఆ పాప రెండుతూర్లు అడిగిందప్పా," అంది. ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు, మెచ్చుకోలే.

హులిగేశ్ ఆటో పక్కకు ఆపి వెనక్కి తిరిగాడు. "ఇప్పుడెట్లుండాదమ్మా?"

"బాగుండాది, పోనీ."

ఆయన బండి కదిలించలేదు. మళ్లీ అడిగాడు.