చిలక్కొయ్యకు జొన్నకంకులు

నా చిన్నప్పుడు ఎన్నికలొచ్చాయంటే అందరికంటే ముందు మా ఊరు దాటేది మా నాయన తుపాకి. లైసెన్సున్నవాళ్లంతా ఓట్లయ్యేదాకా తుపాకులు స్టేషన్లో అప్పజెప్పాలి కదా. నాయన దాన్ని పాత దుప్పట్లో చుట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కేవాడు. పైవీధి పెద్దాయన కూడా తన తుపాకి చుట్టుకుని అదే బస్సెక్కేవాడు. ఒకరు ముందు సీట్లో, ఒకరు వెనక సీట్లో. పలకరింపు మాట దేవుడెరుగు, ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు కాదు.

పొలం గట్టు తగాదాలో పైవీధి వాళ్ల చేతిలో మా చిన్నాయన పోయాక కొన్న తుపాకి అది. నడింట్లో గోడకున్న చిలక్కొయ్యకు వేలాడేది. ఆ కొయ్యకు తువ్వాలు తగిలించినా నాయన ఒప్పుకునేవాడు కాదు. అదుంటే ధైర్యమని ఆయన అనేవాడు గానీ, అది ఇంట్లో ఉన్నన్నాళ్లూ పొద్దుగూకకముందే మా తలుపులు గడియ పడేవి. నాన్నమ్మను మేం జేజి అంటాం. కొడుకు చేను నుంచి వచ్చేదాకా మా జేజి గడప వదిలేది కాదు. మిగిలిన ఒక్క కొడుకూ తమ్ముడి దారే పడతాడేమోనని ఆమె దిగులు.

తుపాకి స్టేషన్లో ఉన్న నెలలు మాత్రం మాకు పండగే. నాయన సాయంత్రాలు వీధిలో మంచం వాల్చుకుని నన్ను పొట్టమీద కూర్చోబెట్టుకునేవాడు. జేజి బొరుగుల ఉగ్గాని గిన్నె అక్కడికే తెచ్చేది. అబ్బ, ఆ చల్లగాలి, నాయన నవ్వు!

ఓ ఏడు తుపాకి అట్లా పోయిందో లేదో, జేజి విత్తనానికి ఏరిన జొన్నకంకుల కట్ట తెచ్చి ఆ కొయ్యకు కట్టేసింది. ఖాళీ కొయ్యే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. ఓట్లయిపోయాయి. టీకొట్టు దగ్గర పైవీధి కుర్రాడెవడో ఏదో మాట జారాడట, నాయన ఉగ్రుడై ఇంటికొచ్చాడు.

"రేపే పోయి తెస్తాండా. ఈ కంకులేందిమ్మా ఈడ? తీసేయ్."

"యాడ పెట్టేదప్పా? ఇల్లంతా ఎలకలే. ఎక్కించిన విత్తనం విత్తే దినం దాకా దించగూడదు, నీకు తెలీదా?"

"తుపాకి మూలన ఆనిచ్చి పెడతా."

"పిల్ల తిరిగే ఇంట్లోనా?" అంది జేజి, నన్ను దగ్గరికి లాక్కుని.

నాయన పళ్లు కొరికాడు, చెంబు విసిరికొట్టాడు. కానీ కంకుల మీద చెయ్యి వెయ్యలేదు. సేద్యగాడు కదా, ఎంత కోపంలోనైనా విత్తనం దించడు. ఆ సంగతి జేజికి తెలుసు.

మాది నల్లరేగడి, జొన్న విత్తేది ఎండాకాలం దాటి వానలన్నీ పడ్డాకే. ఆ ఏడు వానలు మరీ ఆలస్యం చేశాయి. ఊరంతా మబ్బులేని మొగులు చూసి ఏడుస్తుంటే మా జేజి ఒక్కతే కులాసాగా తిరిగింది. మా తుపాకి రాలేదని తెలిసి పైవీధి పెద్దాయనా తనది తెచ్చుకోలేదు. వాన పడి నేల పదునైన నాడు జేజి తనే కంకులు దించి నాయన ఒళ్లో పోసింది. ఆయన వాటిని నలిపి గింజలు రాల్చాడు.

"శానా గట్టిదానివమ్మా నువ్వు" అని విత్తే గొర్రు భుజానేసుకుని వెళ్లాడు. తుపాకి మాట మళ్లీ ఎత్తలేదు.

మా నాయన పళ్లూడి, చెవుడొచ్చి, మనవళ్లతో మాటలు పడి, మంచం మీదే కన్నుమూశాడు. మా జేజి కోరుకుంది అదొక్కటే.

మొన్న ప్రొద్దుటూరులో మా ఇంట్లో టీవీ మోగుతోంది. దేశంలోని తుపాకులన్నీ ఒకేచోట నమోదు చేస్తే నేరాలు తగ్గుతాయని ఒకాయన, నాటుబాంబులు చుట్టేవాడు ఏ ఆఫీసుకొచ్చి రాయిస్తాడని ఇంకొకాయన, ఒకటే అరుపులు. నువ్వేమంటావు జేజీ అని నన్నడిగాడు నా మనవడు.

"రాసుకోనీరా, మంచిదే. ఎవురింట్లో ఏముందో సర్కారుకు తెలియాల. రాయించనోళ్లు ఉంటారనేదీ నిజమే" అన్నాను. అంటూ గోడవైపు చూశాను. పాత ఇల్లు పడగొట్టినప్పుడు ఆ చిలక్కొయ్యను అడిగి తెచ్చుకున్నాను. ఏటా దానికి జొన్నకంకులు కడతాను. విత్తడానికి నాకిప్పుడు చేను లేదు.

దుమ్ము రాలుతోంది, దించెయ్యనా అని అడిగాడు మనవడు.

"దించగూడదు నాయనా" అన్నాను. "ఇంకా వాన పడలా."