సగం జీతాల మాస్టారు

ఎవరి జీతం విన్నా సగానికి కోసి గానీ బయటపెట్టకపోవడం లెక్కల మాస్టారి జబ్బు. ముప్ఫై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. నిద్రలో లేపి పదిహేడో ఎక్కం అడిగినా తడుముకోరు. జీతం దగ్గరికొచ్చేసరికి మాత్రం చటుక్కున రెండుతో భాగించేవారు.

ఆయన ఉండేది చెల్లెలింట్లో. ఆ ఇంట్లో ఆయన మేనకోడలు చదువు పూర్తిచేసి, పద్నాలుగు నెలలుగా ఏఐ కంపెనీల్లో ఉద్యోగం వెతుక్కుంటోంది. ఆ కంపెనీలేమో కొత్తవాళ్లే కావాలంటాయి, రెండేళ్ల అనుభవమూ ఉండాలంటాయి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు. పైగా కొత్తవాళ్లు చేసే చిన్నాచితకా పనులన్నీ ఇప్పుడు యంత్రమే చేసేస్తోందట. ఆమె దరఖాస్తు పంపిన నాలుగు నిమిషాలకే "మీకు ఉజ్వల భవిష్యత్తు కోరుతున్నాం" అని జవాబు వచ్చేది.

పొద్దున్న ఎనిమిదింటికి వీధి చివర కంపెనీ బస్సు ఆగేది. మెడలో గుర్తింపు కార్డులు వేలాడేసుకుని తనకంటే చిన్నవాళ్లు ఎక్కుతుంటే, ఆమె బాల్కనీలో బట్టలారేస్తూ చూసేది. బస్సు కదిలేదాకా ఆరేసిన చొక్కానే మళ్లీ దులిపి ఆరేసేది. తనకూ ఒక రోజు రావాలని, ఆ రోజు మావయ్య మెట్లమీద నిలబడి తన జీతం అందరికీ వినబడేలా చెప్పాలని ఆమెకి ఎంత ఆశో.

రెండో అంతస్తు కుర్రాడికి ఏఐ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మాస్టారు వెళ్లి కూర్చుని, మూలవేతనమెంత, బోనసెంత, చేతికెంత అని పోలీసులా కూపీ లాగారు. నెలకి రెండు లక్షలని తేలింది. ఇంటికొచ్చి "పాపం, లక్షేనట" అన్నారు. సాయంత్రానికి భవనమంతా పాపం అంది. మర్నాడు కుర్రాడి తండ్రి రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

"మాస్టారూ! రెండు లక్షల్ని లక్ష చేశారేంటండీ? సంబంధం వాళ్లు వెనక్కి తగ్గుతున్నారు!"

"అలాగా? నాకు ఒక చెవి పనిచెయ్యదు బాబూ. సగమే వినబడుతుంది."

"రెండోది కూడా పోతే మావాడు ఊరికే చేస్తున్నాడంటారా?"

"పోనీండి, అప్పటి సంగతి అప్పుడు చూద్దాం."

భోజనాల దగ్గర ఆమె తండ్రి పేపరు తిరగేస్తూ, కూతురివైపు చూడకుండా, కూతురికి వినబడేలా చదివేవాడు.

"కొత్తవాళ్లకి నెలకి మూడు లక్షలట!"

"లక్షన్నర, బావగారూ."

"పేపర్లో అచ్చేశారండీ!"

"అచ్చుతప్పు. మీరు భోంచెయ్యండి."

తండ్రి విసుగ్గా పేపరు మడిచేసేవాడు. ఆమె కంచంలోకి చూస్తూ నవ్వాపుకునేది. మావయ్యకి చాదస్తం ముదిరిందనుకునేది.

చివరికి ఒక చిన్న కంపెనీ ఆమెని తీసుకుంది. రోగులకి యంత్రం చెప్పే జవాబుల్లో తప్పులు పట్టే పని. నెలకి ఎనభై వేలు. ఆమె కంపెనీ ఉత్తరం మూడుసార్లు చదివి మావయ్య చేతిలో పెట్టింది. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, చెప్పులేసుకుని మెట్లమీదికి నడిచారు. ఆమె వెనకే వెళ్లింది.

"మా పిల్లకి ఉద్యోగం వచ్చిందండోయ్!"

తలుపులు తెరుచుకున్నాయి. "జీతమెంత మాస్టారూ?"

"నలభై వేలు."

ఆమెకి ఏడుపొక్కటే తక్కువ. ఆయన్ని లోపలికి లాక్కొచ్చి తలుపేసింది.

"నాకు కూడానా మావయ్యా! ఊళ్లోవాళ్లందర్నీ కోశావు సరే, నన్ను కూడానా?"

"మెల్లగా తల్లీ. ఎదురింటి పిల్ల తలుపు సందులోంచి వింటోంది. మొన్న దాన్ని ఉద్యోగానికి ఏడోసారి కాదన్నారు. నీ ఎనభై వాళ్ల నాన్న చెవిన పడితే, ఇవాళ దాన్ని కూర్చోనిస్తాడా, నిలబడనిస్తాడా?"

రెండో అంతస్తు లక్ష, పేపర్లో లక్షన్నర, అన్నీ ఎవరికోసం తరిగాయో ఆమెకి అప్పుడు తెలిసింది.

"అయితే ఇన్నాళ్లూ..."

"ఇన్నాళ్లూ ఏంటి? నాకు చెవుడు" అని మాస్టారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

మర్నాడు గుమ్మం దగ్గర ఎదురింటి పిల్ల పలకరించింది.

"అక్కా, నలభై వేలేనటగా?"

ఎనభై అన్న మాట నాలుక చివరికొచ్చి కూర్చుంది. ఒక్కసారి పైకి అనాలని ఆమె పద్నాలుగు నెలలు కలలుగన్న మాట అది. దాన్ని మింగడం ఎంత కష్టమైందో ఆమెకే తెలుసు.

"నలభై కూడా ఎక్కడే? కోతలు పోను ముప్ఫై అయిదు."

ఆ పిల్ల మొహం విప్పారింది. "అంతేనా! ఉండు, మా నాన్నకి చెప్తాను. ఎనిమిదోసారి కూడా దరఖాస్తు పెట్టి చూస్తానక్కా."

"పెట్టు. సాయంత్రం రా, ఇద్దరం కూర్చుని రాద్దాం."

ఆమె లోపలికొచ్చేసరికి మూసిన తలుపు వెనక మాస్టారు చిరాగ్గా నిలబడి ఉన్నారు.

"ముప్ఫై అయిదేంటమ్మా? ఎనభైలో సగం నలభై. అబద్ధమైనా సరే, లెక్క తప్పకూడదు."