బతికున్నవాడికి నీళ్ళు వదిలించాను

"ఎవరైనా ఫోన్ చేశారా?"

"ఎవరూ చెయ్యలేదు. మీరు పడుకోండి."

మా ఆయనకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. తర్వాత నర్సు వచ్చి మంచాన్ని తోసుకుంటూ గుండె ఆపరేషన్‌కు తీసుకుపోయింది. ఆయన మళ్ళీ కళ్ళు తెరవలేదు. నేను చెప్పింది అబద్ధం. ఫోన్ వచ్చింది. నాలుగు రోజుల ముందే వచ్చింది. నేనే ఎత్తాను. మూడేళ్ళయింది. దీన్ని మింగలేను, కక్కలేను. మా అమ్మాయికి కూడా చెప్పలేదు.

ఇది నేను చేత్తో రాస్తున్నది కాదు. నాకు అచ్చక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు, సంతకం వచ్చు, అంతే. మా చెల్లెలి కూతురు పద్మ చికాగోలో చదువుకుంటోంది. శనివారాలు రైలెక్కి నేపర్‌విల్లో మా అమ్మాయింటికి వస్తుంది. నేను చెబుతుంటే అది రాస్తోంది. ఇప్పటికే రెండుసార్లు కలం ఆపి నా ముఖం చూసింది. చూడకు పద్మా, రాయి. నువ్వు చూస్తే నాకు మాట రాదు. చదివేవాళ్ళెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

మా ఆయన యుద్ధంలో బాంబులు వేసే విమానం నడిపారు. బర్మా వైపు. దాంట్లో ఇద్దరే కూర్చుంటారట. ముందు ఈయన, వెనక తుపాకీ పట్టుకుని ఇంకొకడు. ఆ వెనక మనిషి పేరు నార్మన్. బెజవాడ రైల్వే కాలనీ పిల్లవాడు, వాళ్ళ నాన్న ఇంజను డ్రైవరు. దొరల పేరే గానీ తెలుగు గడగడా మాట్లాడేవాడట. ఇద్దరూ ఒకరి వీపుకు ఒకరు వీపు పెట్టి కూర్చునేవారు. ముందు ఏముందో ఈయనకు, వెనక ఏముందో అతనికి. పెళ్ళయిన కొత్తలో ఆయన వీపు నాకంటే అతనికే బాగా తెలుసు. కింద విమానాన్ని బాగుచేసేవాళ్ళు ఇంకో ఇద్దరు. నలుగురూ రెక్క కింద నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటి ఉండేది. అందులో నార్మన్ ఒక్కడే నవ్వుతూ ఉంటాడు. అందరూ ఈయన్ని స్కిప్పర్ అనేవాళ్ళు.

ఒకరోజు బాంబులు వేసి తిరిగొస్తుంటే ఇంజనుకు దెబ్బ తగిలింది. కింద అడవి. ఈయన నార్మన్‌ను దూకమన్నారు. అతను దూకాడు. తర్వాత తాను దూకాలి. ఇంతలో ఆగిపోయిన ఇంజను మళ్ళీ అందుకుంది. అక్కడే రెండు చుట్లు తిరిగి చూశారట. ఏమీ కనపడలేదు. పెట్రోలు అయిపోవస్తోంది. విమానం తీసుకుని వచ్చేశారు. ఒక్కరే వచ్చారు.

చెప్పడానికి ఇంతే. కానీ ఆయన జీవితమంతా ఇంతే అయిపోయింది. మలేరియా వచ్చి ఉద్యోగంలోంచి పంపించేశారు. ఇంటికొచ్చాక హైస్కూల్లో లెక్కలు చెప్పారు. అన్నం తింటూ తింటూ ఆగిపోయేవారు. "ఒక్క నిమిషం ఆగి దూకమని ఉంటే?" అనేవారు. ఎవరితో అనేవారో తెలియదు, నాతో మాత్రం కాదు. నెలకొకసారి రైలెక్కి బెజవాడ వెళ్ళేవారు. నార్మన్ నాన్నకు ఎక్కడికో బదిలీ అయింది, క్వార్టర్లో వేరేవాళ్ళున్నారు. అయినా వెళ్ళి ఇల్లిల్లూ అడిగి వచ్చేవారు. "కబురేమైనా వచ్చిందా?" రాలేదు. మళ్ళీ నెల.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. కడుపులో మా అమ్మాయి. మొగుడు ఎదురుగా ఉన్నట్టే ఉంటాడు, ఉండడు. యుద్ధం అయిపోయిన ఆ ఏడే భాద్రపదంలో మహాలయ పక్షం వచ్చింది. మా మామగారు లేరు కాబట్టి మా ఆయన తర్పణాలకు కూర్చున్నారు. నువ్వుల గిన్నె అందిస్తూ నేనన్నాను.

"ఆ నార్మన్‌కు కూడా నీళ్ళు వదిలెయ్యండి. అతనికీ శాంతి, మనకీ శాంతి."

"వాడు చచ్చాడని నీకెవరు చెప్పారు?"

"బతికుంటే ఈపాటికి రాడా?"

ఆయన నా వంక చూశారు. పురోహితుడు పెద్ద మనసున్నవాడు, స్నేహితుడికి వదలొచ్చు, గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం చెప్పమన్నాడు. "కాశ్యప గోత్రం నార్మనా? వాడు వింటే పొట్ట పట్టుకుని నవ్వుతాడు," అన్నారు ఈయన. అని, వదిలారు. బొటనవేలి పక్కనుంచి నల్లనువ్వులూ నీళ్ళూ జారిపోతుంటే నేను చూస్తూ నిలబడ్డాను. నాకు హాయిగా అనిపించింది. ఈ మాట కూడా రాయి పద్మా. నాకు హాయిగా అనిపించింది.

ఆ నెల నుంచి బెజవాడ వెళ్ళడం మానేశారు. నీళ్ళు వదిలాక ఇంక వెతకరు కదా.

ముప్పై తొమ్మిదేళ్ళు వదిలారు. డెబ్బై తొమ్మిదిలో మా అమ్మాయి మమ్మల్ని ఇక్కడికి తెచ్చుకున్నాక కూడా, ఇంటి వెనక డెక్ అనే చెక్క అరుగు మీద పీట వేసుకుని, స్టీలు పళ్ళెంలో వదిలేవారు. నువ్వులు అందించింది ప్రతి ఏడూ నేనే. తర్వాత ఆయనకు మొదటిసారి గుండెపోటు వచ్చింది. తేరుకోగానే ఒక పని చేశారు. యుద్ధంలో విమానాల మీద పనిచేసినవాళ్ళు నడుపుకునే చిన్న పత్రిక ఒకటి పోస్టులో వచ్చేది. దాంట్లో నాలుగు వాక్యాలు వేయించారు. నార్మన్ బంధువులెవరైనా ఉంటే ఫోన్ చెయ్యండి, అతని ఆఖరి రోజు గురించి చెప్పాలి అని. కింద మా నంబరూ, చిరునామా. అప్పటినుంచి రోజూ అడిగేవారు, ఎవరైనా ఫోన్ చేశారా అని.

చేశాడు. ఆయన ఆపరేషన్ కోసం హాస్పిటల్లో ఉన్నారు, అమ్మాయి డ్యూటీకి వెళ్ళింది. మధ్యాహ్నం. నేను బెండకాయలు తరుగుతున్నాను. అవతల ముసలి గొంతు ఇంగ్లీషులో స్కిప్పర్ ఉన్నారా అంది. "నో. హాస్పిటల్," అన్నాను. నా ఇంగ్లీషు విని కాబోలు, తెలుగులోకి దిగాడు.

"అమ్మగారా? నేను నార్మన్ అండీ. ఆయన వెనకాల కూర్చునేవాణ్ణి."

"ఏ నార్మన్?"

"ఎంతమంది ఉన్నారేంటి? ఒక్కణ్ణే. పేపర్లో మావాళ్ళ కోసం వెతుకుతున్నారంట. మావాళ్ళెందుకండీ, నేనే ఉన్నాను. కొంచెం తుప్పు పట్టాను, అంతే."

నవ్వాడు. ఫొటోలో నవ్వు అదే అనుకున్నాను. అతను చెప్పుకుపోయాడు. జపానువాళ్ళు పట్టుకున్నారు. రంగూన్ జైల్లో పెట్టారు. విడుదలయ్యాక నెలల తరబడి ఆసుపత్రి. తర్వాత ఇంగ్లండు. ఇప్పుడు మిల్వాకీలో కూతురి దగ్గర. ఇక్కడికి రెండు గంటల దారి.

"ఆయన రెండు చుట్లు తిరగడం కింద నుంచి చూశానండీ. చేతులూపాను. కనపడలేదు ఆయనకి. పొండి సార్, పొండి అని నేనే అరిచాను. అదొక్కటీ చెప్పండి. మిగతాది నేను చెప్పుకుంటా."

అప్పటిదాకా నేను చెప్పాలనే అనుకున్నాను. ప్రమాణం చేసి చెబుతున్నాను, అనుకున్నాను. తర్వాత అతను ఇంకో మాట అన్నాడు.

"నలభై ఐదు క్రిస్మస్‌కి బెజవాడ వచ్చానమ్మా. కాలనీలో చెప్పారు, ఎవరో సారు నెలనెలా నీ కోసం వచ్చేవాడు, ఈమధ్యే మానేశాడు అని. ఏ ఊరాయనో ఎవరికీ తెలీదు. మా విమానదళం పాత అడ్రస్‌కి లెటర్ రాస్తే తిరిగొచ్చింది. ఎందుకు మానేశారో అడగాలి స్కిప్పర్ని. నంబర్ రాసుకుంటారా?"

నిదానంగా రెండుసార్లు చెప్పాడు. "రాసుకున్నారా?" అన్నాడు. "ఆఁ, రాసుకున్నాను," అన్నాను. నా చేతిలో ఉన్నది కూరగాయల చాకు.

ఎందుకు చేశాను? మొదట్లో నాకు నేను చెప్పుకున్నది, డాక్టరు ఆయనకు సంతోషమైనా దుఃఖమైనా ఒక్కసారిగా తగలకూడదన్నాడని. అది నిజమే, డాక్టరు అన్నాడు. కానీ ఆ మాట నాకు గుర్తొచ్చింది ఫోన్ పెట్టేశాక. తర్వాత ఇంకో కారణం వెతుక్కున్నాను. బతికున్న మనిషి పేరున నువ్వులూ నీళ్ళూ వదలడం ఎంత అపచారమో మా ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ముప్పై తొమ్మిదేళ్ళు తాను అది చేశానని తెలిస్తే ఆయన ఏమైపోతారోనని భయపడ్డాననుకున్నాను. అదీ కొంత నిజం. కానీ ఆయన నాకు బాగా తెలుసు. ఆయన ముందు ఏడ్చేవారు, తర్వాత కాశ్యప గోత్రం సంగతి అతనికి చెప్పి, ఇద్దరూ ఫోనుకు అటూ ఇటూ పడీ పడీ నవ్వేవారు. ఆ తర్వాత, ఎప్పుడో ఒకప్పుడు, అతను అడిగేవాడు, ఎందుకు మానేశారు సార్ అని. ఆయన నా వంక చూసేవారు. ఆ చూపు ఒక్కటే నాకు భయం. ఇంకో మూడు నెలలు వెతకనిచ్చి ఉంటే ఆయన బెజవాడ వెళ్ళేవారు, అక్కడ కబురు ఉండేది. నేను ఆగలేదు. నాకు మొగుడు కావాలనుకున్నాను. దానికోసం ఒక మనిషిని చంపేశాను, తీరా అతను ఫోన్ చేశాడు.

ఆపరేషన్ అయ్యాక చెబుదాం, ఒక వారం ఓపిక పడదాం అని కూడా అనుకున్నాను. నన్ను నేను నమ్మించుకోవడానికి అనుకున్నానా, నిజంగానే అనుకున్నానా? తెలియదు. నంబరైతే రాసుకోలేదు కదా. చెప్పాలనుకున్న మనిషి రాసుకుంటుంది.

ఆయన పోయిన మరుసటి ఏడు క్రిస్మస్‌కు ముందు ఆయన పేరున ఒక కార్డు వచ్చింది. మా అమ్మాయి విప్పి చదివింది. "అమ్మా, నార్మన్ అంటే నాన్న విమానంలో ఆయనే కదా? చనిపోయాడన్నారుగా? ఈ వేసవిలో పోయాడని కూతురు రాసింది. నాన్న ఫోన్ చేస్తారని చివరిదాకా ఎదురుచూశాడట. ఏంటమ్మా ఇది?"

"ఏమో. ఎవరో వేరే నార్మన్ అయ్యుంటాడు," అన్నాను.

అది రెండో అబద్ధం. కార్డు మీద పంపినవాళ్ళ చిరునామా ఉంది. ఆ కూతురికి ఒక్క మాట రాయించి ఉంటే, మీ నాన్నను మా ఆయన మరిచిపోలేదమ్మా అని, కనీసం ఆ పిల్లకైనా తెలిసేది. నేను కార్డును పాత పేపర్ల కట్టలో పెట్టాను. చెత్తబండి వాడు తీసుకుపోయాడు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పరుగెత్తి వెళ్ళి తెచ్చుకోవచ్చు. వెళ్ళలేదు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. ఒకరేమో నార్మన్‌ను తానే చంపానని అనుకుంటూ పోయారు. ఇంకొకడేమో స్కిప్పర్‌కు తనతో మాట్లాడాలని లేదు కాబోలు అనుకుంటూ పోయాడు. రెండు గంటల దారి. మధ్యలో నేను. క్షమించమని అడగడానికి కూడా మనిషి మిగల్లేదు. మిమ్మల్ని అడగడం లేదు. మీరు క్షమించినా అది ఎవరికి చెందుతుంది?

మా అమ్మాయికి చెబుతానా? ఈ కాగితం అది చూసేలా బల్ల మీద పెట్టగలనో లేదో నాకు తెలియదు. చెప్పడం వరకే నా చేతనైంది. చెప్పాను. ఛాతీలో కొంచెం గాలి ఆడుతోంది.

పద్మా, ఏడవకు. కాగితం తడుస్తుంది. నా మీద జాలిపడి ఎక్కడా మెత్తగా మార్చలేదు కదా? అయితే మొదటినుంచి చదువు. నా నోటితో అంటుంటే ఇదంతా ఇంకా నేను ఆయనతో మాట్లాడుకుంటున్నట్టే ఉంది. ఇంకొకరి నోట విని, ఈ పని చేసిన మనిషి ఎవరో చూస్తాను. నిదానంగా చదువు, వింటున్నాను.