స్లో పెంచితే జబ్బు పోదు

పోయిన బుధవారం పొద్దున మా మామ, అంటే మా ఆయన తండ్రి, కన్నుమూశారు. కబురు నాకు అవతలి రేవులో అందింది. డ్యాము వెనక నిలిచే కావేరి నీళ్లలో ధర్మపురి వైపు నుంచి సేలం వైపుకు మనుషుల్ని దాటించే మోటారు పడవ మాది. దాన్ని నడిపేది నేనే. ఫోన్‌లో అత్త రెండే మాటలన్నది. "మామ పోయినారు తల్లీ. నిదానంగా రా."

పడవలో అప్పటికే జనం కూర్చుని ఉన్నారు. ఎవరికీ చెప్పలేదు. నడిపే మనిషి మనసు బాగాలేదని తెలిస్తే నీటి మీద కూర్చున్నవాళ్లకు భయం పుడుతుంది. మెల్లగా గేరు వేసి బయల్దేరాను. ఈ ఒడ్డున చివరి మనిషి దిగిపోయి, పడవను తాడుతో కట్టేశాక గాని నాకు ఏడుపు రాలేదు.

నేను పుట్టింది మారండహళ్ళి దగ్గర ఒక టమాటా తోటల ఊళ్లో. పెళ్లయ్యేదాకా అంత నీరు ఒక్కచోట చూసి ఎరగను. మామ మొదట్లో బావి మోటార్లు బాగుచేసేవారు. తర్వాత పడవ వెనక తగిలించే మోటార్లు వచ్చాక వాటి పని పట్టారు. చుట్టుపక్కల రేవుల నుంచి మోటార్లు మా వాకిట్లోకి వచ్చేవి. నీళ్లు నింపిన పెద్ద డ్రమ్ములో దించి వాటిని తిప్పి చూసేవారు.

వయసు మీదపడి ఆయన చేతులు వణకడం మొదలైంది. అప్పటికే మా ఆయన హోసూరులో ఒక కంపెనీ పనికి కుదిరి, వారానికొకసారి ఇంటికి వచ్చే మనిషయ్యాడు. ఒకరోజు మామ నన్ను పిలిచి స్పానరు చేతిలో పెట్టారు. అత్తకు నచ్చలేదు.

"ఇంటి కోడలి చేతికి గ్రీసా? ఊరు నవ్వదా?"

"నవ్వనీ. వాళ్ల మోటారు నిలిచిపోయిన్నాడు ఈడికే వస్తారు," అన్నారు మామ.

అలా ఏడేళ్లు ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఏ మోటారు వచ్చినా ముందు పెట్రోలు సీసాలోకి వంచి కాసేపు కదలకుండా ఉంచేవారు. అడుగున నీరు పేరుకుంటే సగం జబ్బు అక్కడే తెలిసేది. తర్వాత ప్లగ్గు చూసేవారు. ఆ తర్వాత గేరు కేబులు. న్యూట్రల్‌లో పెట్టినా నీళ్లను తోసే పంకా కొద్దిగా తిరుగుతూ ఉంటే కేబులు సరిగా లేదని అర్థం. స్క్రూల జోలికి అన్నిటికంటే చివర వెళ్లాలి. తొందరపడి స్క్రూడ్రైవరు అందుకుంటే నా వేళ్ల మీద చిన్నగా తట్టేవారు. మోటార్ల చప్పుడుకు ఆయన చెవులు ఎప్పుడో దెబ్బతిన్నాయి. మూత మీద అరచేయి ఆనించి, కళ్లు మూసుకుని, ఇంజన్ ఎక్కడ తడబడుతోందో చెప్పేవారు.

ఒకసారి తమిళుల ఆడి నెల పండగ నాడు రేవు నిండా జనం. పడవ నిండింది. నేను గేరు వేసిన ప్రతిసారీ ఇంజన్ ఆగిపోతోంది. మూడుసార్లు అలాగే జరిగింది. జనం విసుక్కుంటున్నారు. వేగం పెంచకుండా వదిలేసినప్పుడు ఇంజన్ తిరిగే నెమ్మది వేగాన్ని మా రేవుల్లో 'స్లో' అంటారు. నేను స్లో స్క్రూను ఒక చుట్టు పెంచాను. ఇంజన్ నిలబడింది. గేరు ధడేల్‌మని పడి, పడవ ముందుకు ఎగిరినట్టు కదిలింది. నిలబడి ఉన్నవాళ్లు ఒకరి మీద ఒకరు తూలారు.

ఒడ్డున కూర్చున్న మామ లేచి నీళ్లలోకి వచ్చేశారు. "ఆపు! అందరూ దిగండి."

"సామీ, పూజకు టైమయిపోతా ఉండాది! పడవ పోతానే ఉంది కదా!" అని ఒకాయన కేకలేశాడు.

"పోతాది సరే. నిలవమంటే నిలస్తాదా?" అన్నారు మామ. ఇంకెవరి మాటా వినలేదు. జనం తిట్టుకుంటూ వేరే పడవ చూసుకున్నారు. నేను అవమానంతో తల దించుకున్నాను.

కార్బురేటరు విప్పితే అడుగున మడ్డి, పెట్రోలు పోయే సన్నని దారి మూసుకుపోయి ఉంది. నేను అది కడుగుతూ ఉండగా ఆయన చెప్పారు.

"నీ మాదిరే నేనూ ఒకసారి పెంచినాను. పడవాయన తొందరపెట్టినాడని. రేవులో ఒక ముసలామె దిగేదానికి లేచి నిలబడింది. ఆయన రివర్సు వేసినాడు. పడవ ఒక్క గుంజు గుంజింది. ఆమె రాతి మీద పడింది. తుంటి విరిగింది. మళ్లా నడవలేదు."

"మీ తప్పని ఆమెకు తెలుసా మామా?"

"నేనే పోయి చెప్పినాను. తిడుతుందనుకున్నాను. 'కూచో నాయనా, కాఫీ తాగు' అనింది. ఆ మాట మోసేది శాన కష్టం." గుడ్డముక్క నాకు అందిస్తూ అన్నారు. "స్లో పెంచితే జబ్బు పోదు తల్లీ. దాక్కుంటాది. అంతే."

ఆమె బతికినన్నాళ్లూ మామ నెలకొకసారి ఆ ఇంటికి వెళ్లేవారని అత్త తర్వాత చెప్పింది. తలుపు గొళ్లెం, ఫ్యాను, బోరు మోటారు, ఏది చెడినా చూసి వచ్చేవారట. ఏమీ చెడకపోతే ఊరికే కూర్చుని వచ్చేవారట.

ఆ సాయంత్రం, ఇంజన్ వేడెక్కాక, పంకా నీళ్లలో ఉండగానే, గేరులో పెట్టి స్లో సరిచేయడం నేర్పించారు. గేరు మెత్తగా 'టక్' అని పడింది. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "ఇంకో పదిసార్లు వేసి చూడు," అన్నారు.

మామకు తెలుగు చదవడం రాదు. బడిలో ఆయన నేర్చింది తమిళమే. మా తాత నేర్పిన అక్షరాలతో నేను ఇది రాస్తున్నాను. బతికున్నా ఆయన దీన్ని చదవగలిగేవారు కాదు. నేను చదివి వినిపిస్తే, ఇంతమందికి తన తప్పు ఎందుకు చెప్పావని అడిగేవారు కాదనే నా నమ్మకం.

పోవడానికి నెల ముందు ఒక ఉదయం వాకిట్లో మంచం వేయించుకుని పడుకున్నారు. నేను పక్కనే ఒక కార్బురేటరు కడుగుతున్నాను. అందులోని చిన్న ఇత్తడి జెట్టును, పెట్రోలు పోయే సన్నని రంధ్రమున్న ముక్కను, ఇమ్మని చేయి చాపారు. వణికే వేళ్లతో దాన్ని కంటి ముందుకు ఎత్తారు. అప్పటికే కళ్లకు మసకలు కమ్మాయి, ఏమీ కనిపించలేదు. తిరిగి నా చేతిలో పెట్టారు.

"నువ్వు చూడు. ఆ సందులో ఏం కనపడతా ఉండాది?"

ఒక కన్ను మూసి చూశాను. "ఆకాశం, మామా."

"చాలు," అన్నారు. "బిగించు."