కుర్చీలో నిద్ర

మా బావ సెలూన్ నడిపేవాడు. సగం గడ్డం కబుర్లతోనే గీసేస్తాడని అందరూ ఆటపట్టించేవారు. మెలకువగా ఉన్నంతసేపూ నోరు మూతపడని మనిషి, నిద్రపోతే మాత్రం ఊపిరి తీయడం మరిచిపోయేవాడు. గొంతులో అడ్డేమీ లేదు. ఊపిరి పీల్చమని మెదడే కబురు పంపడం మానేసేది. ఆయన గుండెజబ్బు వల్లే ఇదంతా అని డాక్టరు చెప్పాడు.

చాలాకాలం మా అక్కే ఆ పని చూసుకుంది. బావ ఛాతీ కదలడం ఆగిందంటే మోచేత్తో ఒక్క పోటు పొడిచేది.

"మీ అక్క నా పక్కటెముకలు విరగ్గొడుతోందిరా" అని బావ నాతో మొరపెట్టుకునేవాడు. కానీ ఆమె కళ్ల కింద నలుపు ఆయనకీ కనిపించేది. అందుకే ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు.

భుజం దగ్గర, చర్మం కింద చిన్న యంత్రం పెట్టారు. ఊపిరితిత్తుల కింది కండరాన్ని ఆడించే నరం దాకా దాన్నుంచి సన్నని తీగ వేశారు. రాత్రి ఒళ్లు వాల్చి పడుకుంటే అది నరాన్ని తట్టి ఊపిరి తీయిస్తుంది. కూర్చుంటే మెలకువగా ఉన్నాడనుకుని ఊరుకుంటుంది.

ఇన్నేళ్లకు అక్క కంటినిండా నిద్రపోయింది. ఆ సుఖం ఆమెకు ఎక్కువకాలం దక్కలేదు. మెదడులో రక్తనాళం చిట్లి, కూరలు తరుగుతూ తరుగుతూనే పోయింది.

బావ ఇంట్లో పడుకోవడం మానేశాడు. సెలూన్ కుర్చీలోనే కునుకు తీసేవాడు.

"కూర్చుంటే అది పనిచెయ్యదని డాక్టరు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు కదా బావా!"

"తెలుసురా. మంచం మీద ఇద్దరికి చోటుంది. కుర్చీలో అయితే ఒక్కడికే."

నాకు ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది. పోయింది నా అక్క కూడా కదా! కనీసం కుర్చీ వెనక్కి వాల్చుకోమన్నాను.

"వాలిస్తే ఎవరో ఒకరు వచ్చి గడ్డం గీసేస్తారు" అని నవ్వేశాడు.

ఒక్కరికే సరిపోయే సన్నటి మడతమంచం కొనుక్కొచ్చి అద్దాల ముందు వేశాను. బావ దానిమీద కూర్చుని, చేత్తో నొక్కి చూశాడు.

"బాగుందిరా. రేపట్నుంచి దీనిమీదే పడుకుంటాలే."

నేను నమ్మాను.

తెల్లారి వెళ్లేసరికి కుర్చీలోనే ఉన్నాడు. తల ఒరిగిపోయి ఉంది. పక్క కొట్టు దర్జీని కేకేసి, ఇద్దరం కలిసి ఆయన్ని మంచం మీదికి చేర్చాం. ఒళ్లు అప్పటికే చల్లబడింది. అంతా అయిపోయిందని నాకు తెలుసు. అయినా, ఇప్పుడు పడుకున్నాడు కదా, యంత్రం మొదలెడుతుందేమోనని ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి కూర్చున్నాను.