సరిత భుజం మీద చెయ్యి

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. పటాన్‌చెరులో శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు నాకంటే ఎక్కువ చేసినవాడు లేడు. పోయినవాళ్ల మొహాలు రోజంతా కంప్యూటర్లో పెట్టుకుని, మచ్చలు చెరిపి, జుట్టు నల్లబరిచి బతికిన మనిషిని. వాళ్లలో ఒక్కరైనా వచ్చి పలకరించలేదు. కనీసం మచ్చ తీసినందుకైనా.

అయినా ఒక సంగతి జరిగింది. ఇదివరకు చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కాస్త పెంచాను. ఈసారి తగ్గించి రాస్తాను.

భానూర్ నుంచి సరిత అనే అమ్మాయి వాళ్లమ్మ అంజమ్మతో మా షాపుకు వచ్చింది. ఎల్లుండి సరిత పెళ్లి. ఫంక్షన్ హాలు గేటుకు ఫ్లెక్సీ కావాలి. తండ్రి యాదగిరి పాశమైలారంలో కెమికల్ కంపెనీలో పనిచేసేవాడు, రెండేళ్ల కింద గుండెపోటుతో పోయాడు. ఇలాంటప్పుడు తండ్రి ఫొటోకు దండ వేసి, ఫ్లెక్సీ పైమూలన గుండ్రంగా పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. ఆ పిల్ల ఒప్పుకోలేదు.

"మూలకు వద్దు తాతా. మా బాపు నా ఎనుకనే నిలవడాలె. మేం ముగ్గురం ఒక్కతాన దిగిన ఫొటో ఒక్కటి గూడ లేదు."

యాదగిరి నిలువెత్తు ఫొటో వాళ్ల దగ్గర ఒకటే ఉంది. కంపెనీలో ఆయుధపూజ నాడు తోటి పనివాళ్లతో దిగింది. అందులో ఆయన కుడి చెయ్యి పక్కవాడి వీపు వెనక్కి పోయింది. మణికట్టు దాకానే కనబడుతుంది, అరచెయ్యీ వేళ్లూ లేవు. ఆయన్ని మాత్రం ఉంచి మిగతాదంతా చెరిపేశాను. చెరిపిన చోట తెర మీద బూడిదరంగు, తెలుపు గళ్లు వస్తాయి. అక్కడ ఏమీ లేదని గుర్తు.

అలవాటు కొద్దీ దాన్ని జేపీజీగా సేవ్ చేశాను. ఆ రకం ఫైలుకు ఖాళీని ఖాళీగా ఉంచడం చేతకాదు, తెలుపుతో నింపేస్తుంది. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్లోకి తెచ్చేసరికి యాదగిరి చుట్టూ తెల్లటి పలక.

అంజమ్మ ఒక్కసారి చూసి మొహం తిప్పుకుంది. "ఐసు డబ్బల పండవెట్టిన నాడు గిట్లనే ఉండె సేటు. వద్దు, తీసెయ్యి."

"కంప్యూటర్ గంతేనమ్మా, నేనేం జెయ్యాలె" అన్నాను.

అబద్ధం. పీఎన్‌జీగా సేవ్ చేస్తే తెలుపు రాదని నాకు బాగా తెలుసు. ముప్పై ఏళ్ల అనుభవమని బోర్డు మీద రాయించుకున్నవాణ్ణి, తప్పు నాదని ఎలా ఒప్పుకుంటాను?

సరిత ఏడవలేదు, గొడవ పడలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, "ఇంకోపారి జెర సూడు తాతా" అంది. అంతే. నాకు సిగ్గేసింది.

గళ్లున్న బొమ్మ మళ్లీ తెరిచి, పీఎన్‌జీ చేసి, పేజీలోకి తెచ్చాను. తెల్ల పలక పోయింది. తల్లీకూతుళ్ల ఫొటో అప్పటికే పేజీలో ఉంది. యాదగిరిని కూతురి వెనక నిలబెట్టి, మణికట్టు తెగిన చోటు ఆమె భుజం చాటున దాచాను. ఒకదాని మీద ఒకటి పరిచిన కాగితాల్లా, కూతురి బొమ్మ పైన, తండ్రి బొమ్మ కింద.

ఇక్కడికి వచ్చాక నేను జనానికి చెప్పేది వేరు. కరెంటు పోయిందని, కెమికల్ వాసన గుప్పుమందని, నా కుర్చీ దానంతటదే తిరిగిందని. కరెంటు పోలేదు. ఆ వాసన గాలి మళ్లినప్పుడల్లా మాకు వచ్చేదే. కుర్చీ సంగతి పూర్తిగా నా కల్పన. అది మిట్టమధ్యాహ్నం. బయట షేరింగ్ ఆటోలవాళ్లు బొల్లారం, బొల్లారం అని అరుస్తున్నారు.

కానీ సరిత భుజం మీద ఒక చెయ్యి ఉంది.

అదీ తిరగబడి ఉంది. అరచెయ్యి పైకి, వేళ్ల వెనక వైపు ఆమె భుజానికి ఆని. యాదగిరి బొమ్మ విడిగా తెరిచి చూశాను. మణికట్టు తర్వాత గళ్లే. పేజీలో చూశాను. చెయ్యి ఉంది. పైన ఉన్న బొమ్మను దాటి కింది బొమ్మ కనబడటం జరగని పని. ఎవరి చెయ్యో ఎక్కడో అతుక్కుందనుకుని చెరపబోయాను.

"ఆగు సేటు!" అంజమ్మ లేచి తెర దగ్గరికి వచ్చింది. "డ్రమ్ములు దొర్లిచ్చి దొర్లిచ్చి ఆయన అరచేతులు గరుకైనయ్. పిల్లకు గీసుకపోతదని చెయ్యి గిట్లనే తిప్పి పెడ్తుండె. నీకెవ్వలు చెప్పిన్రు?"

ఎవరూ చెప్పలేదు. ఆ మనిషి బతికుండగా నేను చూడనేలేదు.

ఆమెతో మాత్రం, "అనుభవమమ్మా, మొకం సూస్తే తెలుస్తది" అన్నాను. ఆయన చేసిన పనికి మెచ్చుకోలు నేను తీసుకున్నాను. ఇన్నేళ్లకు ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

ఫ్లెక్సీ అలాగే అచ్చయింది. పెళ్లికి నన్నూ పిలిచారు. గేటు దగ్గర సరిత దాని పక్కన నిలబడి ఫొటో దిగింది. ఎవరైనా ప్రేమగా చెయ్యి ఆనించినప్పుడు, తీసేస్తారేమోనని కదలకుండా ఉంటామే, అలా నిలబడింది.

తర్వాత ఎన్నో బొమ్మలు కత్తిరించాను. గళ్లున్న చోట ప్రతిసారీ ఖాళీయే వచ్చింది. సాఫ్ట్‌వేర్ లోపమని తెలిసినవాళ్లు అన్నారు. కావచ్చు. చెయ్యి ఎటు తిప్పి పెట్టాలో ఆ లోపానికి ఎలా తెలిసిందో మాత్రం నేను ఇప్పటికీ చెప్పలేను.